టీఎల్‌డీ సరైనదో కాదో కోడ్‌లో ఎలా తేలుస్తున్నారు?

సెమీకోలన్_శాస్త్రి
మా సైన్‌అప్ ఫారంలో ఈమెయిల్ చెక్ చేసే రెజెక్స్ (రాసిన అక్షరాలు ఒక నమూనాకి సరిపోతున్నాయా చూసే కోడ్) ఒకటుంది. రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు, ఇప్పుడది నా నెత్తిన పడింది. చివరి డాట్ తర్వాతి ముక్క, అంటే టీఎల్‌డీ (టాప్ లెవెల్ డొమైన్, కామ్, ఇన్ లాంటిది), ఏ నుంచి జెడ్ దాకా, రెండు నుంచి నాలుగు అక్షరాలు, అంతే దాని తెలివి. డాట్ ఫొటోగ్రఫీ అడ్రసున్న ఒక కస్టమర్ వచ్చి గొడవ పెట్టుకున్నాడు. అతని సైటూ అదే, కార్డు మీదా అదే. మా ఫారం మాత్రం "సరైన ఈమెయిల్ ఇవ్వండి" అని ఎర్ర అక్షరాల్లో చూపిస్తోంది.

టీమ్‌లో ఒకరు నాలుగుని ఆరు చేద్దాం అంటున్నారు, ఇంకొకరు పది చాలు అంటున్నారు. వేలంపాటలా తయారైంది. నాకేమో నిజంగా ఉన్న టీఎల్‌డీల లిస్టు తెచ్చుకుని దాంతో పోల్చి చూడటమే నయం అనిపిస్తోంది. ఆ లిస్టు ఎక్కడుంటుంది, ఎంత తరచుగా మారుతుంది, కోడ్‌లోనే పెట్టేయాలా, రన్ అవుతున్నప్పుడు తెచ్చుకోవాలా? ప్రొడక్షన్‌లో చేసినవాళ్లు చెప్పండి. నెట్‌లో ఉన్న జవాబులకి ఒకదానితో ఒకదానికి పొంతన లేదు.

బగ్గుల_బాబు
రెండు నుంచి నాలుగా! డాట్ మ్యూజియం 2001లోనే వచ్చింది, ఆరు అక్షరాలు. మీ రెజెక్స్ పుట్టేనాటికే తప్పు అన్నమాట.

డీఎన్ఎస్_దాసు
అసలు లిస్టు అయానా (ఇంటర్నెట్ పేర్లు, నంబర్ల పట్టికలు చూసుకునే సంస్థ) దగ్గరుంటుంది. వాళ్ల డేటా సర్వర్‌లో మామూలు టెక్స్ట్ ఫైలు, ఎవరైనా దించుకోవచ్చు. మొదటి లైను హ్యాష్ గుర్తుతో మొదలవుతుంది, అందులో వెర్షనూ తేదీ ఉంటాయి. పార్స్ చేసేటప్పుడు ఆ లైను వదిలేయాలి, చాలామంది మర్చిపోతారు. ఆ తర్వాత లైనుకొక టీఎల్‌డీ, అన్నీ పెద్దక్షరాల్లో. మిగతా లిపుల్లో ఉన్నవి ఎక్స్ఎన్, రెండు హైఫన్లు, ఆపైన అర్థంకాని అక్షరాలు, ఆ రూపంలో కనిపిస్తాయి. మొత్తం 1,400 పైచిలుకు.

ఫైలు రోజూ తయారవుతుంది కానీ లోపలి సరుకు రోజూ మారదు. పెద్ద మార్పు కొత్త టీఎల్‌డీలకి దరఖాస్తులు పిలిచిన 2012 రౌండుతో వచ్చింది. అప్పటిదాకా జనరిక్ (ఏ దేశానికీ చెందని) టీఎల్‌డీలు 22 మాత్రమే. ఆ రౌండులో ఐకాన్‌కి (డొమైన్ పేర్ల వ్యవహారం చూసే సంస్థ) 1,930 దరఖాస్తులు వచ్చాయి, ఒక్కోదానికి 1,85,000 డాలర్ల ఫీజు. 2013 అక్టోబరు నుంచి ఒక్కొక్కటే రూట్‌లోకి (టీఎల్‌డీలన్నీ ఉండే మూల జాబితా) ఎక్కడం మొదలైంది. మీ కస్టమర్ డాట్ ఫొటోగ్రఫీ ఆ బాపతే. నాలుగు అక్షరాల రెజెక్స్‌లు ప్రపంచమంతా ఒకేసారి పగిలింది అప్పుడే.

రెజెక్స్_రాణి
పొడవు మీద పరిమితి పెట్టాలనుకుంటే పెట్టాల్సిన అంకె ఒక్కటే, 63. డీఎన్ఎస్‌లో (పేర్లని ఐపీ అడ్రసులుగా మార్చే వ్యవస్థ) ఒక లేబుల్‌కి, అంటే డాట్ల మధ్య ముక్కకి, గరిష్ఠం అది, ఆర్ఎఫ్‌సీ 1035 (ఇంటర్నెట్ నియమాల పత్రం) నుంచీ ఉంది. ఆరు, పది అన్నీ ఎవరి బుర్రలోంచి వాళ్లు తీసినవే. ఇప్పుడు రూట్‌లో ఉన్నవాటిలో మామూలు ఇంగ్లిష్ అక్షరాలవి 18 దాకా ఉన్నాయి, ట్రావెలర్స్‌ఇన్సూరెన్స్ అలాంటిదే. జర్మన్‌లో ఫెర్మోగెన్స్‌బెరాటుంగ్ అని ఒకటుంది, అది ఎక్స్ఎన్ రూపంలో 24 అక్షరాలు.

ఇంకో సంగతి. ఏ నుంచి జెడ్ దాకా మాత్రమే అంటే ఆ ఎక్స్ఎన్ రూపాలు కూడా పడిపోతాయి. వాటిలో అంకెలూ హైఫన్లూ ఉంటాయి కదా. అలాగని అన్నీ అంకెలే ఉన్న టీఎల్‌డీని ఒప్పుకోకూడదు. అది ఉండదని ఆర్ఎఫ్‌సీ 3696 చెబుతుంది, బ్రౌజర్లైతే చివరి ముక్క అంకెలైతే దాన్ని ఐపీ అడ్రసు అనుకుని పార్స్ చేస్తాయి.

నల్_పాయింటర్
దాసు గారు చెప్పిన ఫైలుని రిక్వెస్టు రిక్వెస్టుకీ దించే కోడ్ నేను చూశాను. జోక్ కాదు. ఫారంలో కీ నొక్కినప్పుడల్లా ఒకసారి.

పంచ్_కార్డు
అసలు టీఎల్‌డీ చెక్ ఎందుకు పెట్టాలి శాస్త్రి గారూ? మీకు కావాల్సింది ఆ మనిషికి మెయిల్ చేరుతుందా లేదా అన్నది. యాట్ గుర్తు ఉందా, దాని తర్వాత ఏమన్నా ఉందా చూడండి, కన్ఫర్మేషన్ లింకు పంపండి. లింకు నొక్కితే అడ్రసు నిజం. ఏ లిస్టూ అంతకంటే ఎక్కువ చెప్పలేదు.

సెమీకోలన్_శాస్త్రి
పంపుతున్నాం. కానీ డాట్ కామ్ బదులు డాట్ కాన్ అని కొట్టేవాళ్లు బోలెడు. కీబోర్డులో ఎమ్ పక్కనే ఎన్ ఉంది మరి. మెయిల్ రాలేదని సపోర్టుకి ఫోన్ చేస్తారు. అక్కడికక్కడే పట్టుకుంటే ఆ ఫోన్లు తగ్గుతాయి కదా?

పంచ్_కార్డు
డాట్ కాన్ పట్టుకుంటారు, సరే. ఎమ్ మిస్ అయి డాట్ సీఓ అయితే? అది కొలంబియా. ఓ మిస్ అయి డాట్ సీఎమ్ అయితే? కామెరూన్. సీ మిస్ అయి డాట్ ఓఎమ్ అయితే? ఒమన్. మూడూ లిస్టులో దర్జాగా ఉన్నాయి. డాట్ కామ్‌ని తప్పుగా కొట్టడంలో ఎక్కువ జరిగే మూడు పొరపాట్లనీ మీ లిస్టు సలాం కొట్టి లోపలికి పంపుతుంది.

లాగ్‌ఫైల్_లక్ష్మి
అందుకే మేం ఆపడం మానేసి అడగడం మొదలుపెట్టాం. ఫారం కింద "మీరు డాట్ కామ్ అనబోయారా?" అని చిన్న లైను వస్తుంది. నొక్కితే సరిదిద్దుతుంది, వదిలేస్తే ఉన్నది ఉన్నట్టు తీసుకుంటుంది. లిస్టులో లేని టీఎల్‌డీకీ ఇదే, డాట్ సీఎమ్ లాంటి అనుమానపు వాటికీ ఇదే. నిజంగా కామెరూన్ వాళ్లు వస్తే వాళ్లకీ ఇబ్బంది లేదు. సపోర్టు ఫోన్లు బాగా తగ్గాయి.

బగ్గుల_బాబు
+1. ఎర్ర అక్షరాలు వద్దు, పసుపు చాలు.

క్యాష్‌మిస్
లిస్టు ఎందుకు, నేరుగా డీఎన్ఎస్‌నే అడగొచ్చుగా? కామ్ అన్న పేరుకి ఎన్ఎస్ రికార్డులు (ఆ పేరుని చూసే సర్వర్లేవో చెప్పేవి) అడిగితే జవాబు వస్తుంది, కాన్‌కి అడిగితే ఎన్ఎక్స్‌డొమైన్ (అలాంటి పేరే లేదు) వస్తుంది. ఎప్పటికీ పాతబడని లిస్టు. ఫైలు దించడం, అప్‌డేట్ చేయడం ఏమీ ఉండదు.

డీఎన్ఎస్_దాసు
క్యాష్‌మిస్, ఐడియా బాగానే ఉంది, మూడుచోట్ల కాలు జారుతుంది.

పేరు చివర డాట్ పెట్టకుండా అడిగితే సిస్టమ్ తన సెర్చ్ డొమైన్‌ని తగిలిస్తుంది. మీరు కాన్ అని అడుగుతారు, అది కాన్ డాట్ మీ కంపెనీ డొమైన్ అని వెతుకుతుంది. ఆఫీసు నెట్‌వర్క్‌లో వైల్డ్‌కార్డ్ (లేని పేరుకీ జవాబిచ్చే రికార్డు) ఉంటే జవాబు కూడా వచ్చేస్తుంది. డెవలపర్ లాప్‌టాప్‌లో ప్రతి చెత్త టీఎల్‌డీ పాస్ అవుతుంది, సర్వర్‌లో ఫెయిల్ అవుతుంది. కారణం దొరక్క జుట్టు పీక్కోవాలి.

రెండోది, కొన్ని రిజాల్వర్లు (మన తరఫున డీఎన్ఎస్‌ని అడిగే సర్వర్లు) ఎన్ఎక్స్‌డొమైన్‌ని మింగేసి తమ సెర్చ్ పేజీ ఐపీ ఇస్తాయి. ఇది కొత్త జబ్బేం కాదు. 2003 సెప్టెంబరులో, డాట్ కామ్‌నీ డాట్ నెట్‌నీ నడిపే వెరిసైన్ ఏకంగా ఆ రెండిటికీ వైల్డ్‌కార్డ్ పెట్టేసింది, సైట్ ఫైండర్ పేరుతో. లేని పేరు అడిగినా వాళ్ల అడ్రసే వచ్చేది. పంపినవాడి డొమైన్ ఉందో లేదో చూసి స్పామ్ ఆపే మెయిల్ సర్వర్లు గల్లంతయ్యాయి. గోల పెద్దదై, ఐకాన్ కన్నెర్ర చేశాక అక్టోబరు మొదట్లో తీసేశారు.

మూడోది టైమౌట్. నెట్‌వర్క్ పోయిందా, టీఎల్‌డీ లేదా అన్న తేడా మీ కోడ్‌కి తెలియాలి. సర్వ్‌ఫెయిల్ (సర్వర్ జవాబు చెప్పలేకపోయింది) వస్తే "లేదు" అని తీర్పు చెప్పేసే కోడే ఎక్కువ చూశాను.

క్యాష్‌మిస్
పేరుకి ఐపీ ఇచ్చే "ఏ" (ఇంగ్లిష్ అక్షరం) రికార్డులు అడిగితే వైల్డ్‌కార్డ్ సమస్య. నేను చెప్పింది ఎన్ఎస్ రికార్డులు.

డీఎన్ఎస్_దాసు
ఒప్పుకుంటా, ఎన్ఎస్ అయితే చాలావరకు తప్పించుకుంటారు. చివరి డాట్ సంగతి మాత్రం అలాగే ఉంటుంది.

ఇన్‌పుట్_ఇందిర
మీరంతా ఈమెయిల్ గురించే మాట్లాడుతున్నారు. చాట్ యాప్‌లో మెసేజ్ మధ్యలో ఉన్న లింకుల్ని గుర్తుపట్టి నీలం చేయాలంటే లిస్టు తప్పనిసరి. పంచ్_కార్డు గారి "ఏదైనా ఒప్పుకో" సలహా అక్కడ పనికిరాదు. మన జనం ఫుల్‌స్టాప్ తర్వాత ఖాళీ వదలరు. "వచ్చేశాను.ఇంకా తినలేదు" అని కొడితే డాట్‌కి అటూ ఇటూ యూనికోడ్ అక్షరాలున్నాయి కాబట్టి "వచ్చేశాను.ఇంకా" మొత్తం లింకు అయిపోయింది మా దగ్గర. నొక్కితే బ్రౌజర్ తెరుచుకుని పేజీ లేదంటుంది. లిస్టు పెట్టాక "ఇంకా" అనే టీఎల్‌డీ లేదు కాబట్టి ఆగింది.

నల్_పాయింటర్
లిస్టు పెట్టినా పూర్తిగా ఆగదు ఇందిర గారూ. డెవలపర్ల గ్రూపులో చూడండి. రీడ్‌మీ డాట్ ఎండీ అంటే మాల్డోవా సైటు. మెయిన్ డాట్ ఆర్ఎస్ అంటే సెర్బియా. పైథాన్ ఫైలు పేరు (డాట్ పీవై) రాస్తే పరాగ్వే, షెల్ స్క్రిప్టు (డాట్ ఎస్‌హెచ్) రాస్తే సెయింట్ హెలెనా, పెర్ల్ (డాట్ పీఎల్) రాస్తే పోలండ్. ఫైళ్ల పేర్లు చెప్పుకుంటూ ప్రపంచ యాత్ర చేసి రావచ్చు.

బగ్గుల_బాబు
2023లో డాట్ జిప్ టీఎల్‌డీని అందరికీ తెరిచినప్పటి గొడవ గుర్తుందా? "అటాచ్ చేసిన ఫొటోస్ డాట్ జిప్ చూడండి" అన్న పాత మెసేజీలన్నీ రాత్రికి రాత్రి లింకులైపోయాయి. ఆ పేర్లు కొనుక్కుని ఫిషింగ్ పేజీలు పెట్టడం ఎంత సేపు?

ఇన్‌పుట్_ఇందిర
అందుకే మాది రెండు అంచెలు. ముందు హెచ్‌టీటీపీ ఉంటే టీఎల్‌డీ ఏదైనా లింకే. ఊరికే పేరు మాత్రమే ఉంటే, బాగా వాడుకలో ఉన్న టీఎల్‌డీల చిన్న లిస్టులో ఉంటేనే లింకు. ఫైలు ఎక్స్‌టెన్షన్లతో కలిసేవి ఆ చిన్న లిస్టులోంచి తీసేశాం. మాల్డోవా వాళ్లు ఏమీ అనుకోరని ఆశ.

సెమీకోలన్_శాస్త్రి
ఒక సహోద్యోగి పబ్లిక్ సఫిక్స్ లిస్ట్ వాడమంటున్నాడు. అది అయానా లిస్టు కంటే పెద్దది, మొజిల్లా వాళ్లు చూసుకుంటారు, రోజూ అప్‌డేట్ అవుతుంది అంటున్నాడు. అదే మంచిదా?

రెజెక్స్_రాణి
పని వేరు. మనిషి స్వయంగా పేరు నమోదు చేసుకోగల హద్దు ఎక్కడ అన్నది అది చెబుతుంది. కో డాట్ యూకే కింద ఎవరైనా పేరు కొనుక్కోవచ్చు, కాబట్టి అది సఫిక్స్. బ్రౌజర్లకి ఇది కుకీల కోసం కావాలి. ఆ హద్దు తెలియకపోతే ఒక సైటు కో డాట్ యూకే మొత్తానికి కుకీ పెట్టేసి, దాని కింద ఉన్న సైట్లన్నిటికీ పంపించేయొచ్చు.

అందులో టీఎల్‌డీలే కాదు, కంపెనీలు చేర్పించుకున్న ప్రైవేట్ విభాగం ఒకటుంది. గిట్‌హబ్ డాట్ ఐఓ అక్కడిదే. ఒక్కో యూజర్ పేజీ వేరే సైటుగా లెక్కలోకి రావాలని. నక్షత్రం నియమాలూ, ఆశ్చర్యార్థకంతో మినహాయింపులూ ఉంటాయి. కుక్ దీవుల డాట్ సీకే కింద ఏ పేరైనా సఫిక్సే, డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు డాట్ సీకే తప్ప. స్ట్రింగ్‌ని డాట్ల దగ్గర విరగ్గొట్టి చివరి రెండు ముక్కలు తీసుకునే కోడ్ ఇక్కడ బోల్తా పడుతుంది.

లాగ్‌ఫైల్_లక్ష్మి
రాణి గారు వదిలేసిన మెలిక ఒకటి. ఏ నియమమూ సరిపోకపోతే ఒంటి నక్షత్రం వర్తిస్తుందని ఆ లిస్టు అల్గారిథమ్‌లోనే ఉంది. అంటే ఎక్కడా లేని టీఎల్‌డీ ఇచ్చినా లైబ్రరీ దాన్ని సఫిక్స్‌గా పట్టుకుని మొహమాటం లేకుండా వెనక్కిస్తుంది. "సఫిక్స్ వచ్చింది, కాబట్టి డొమైన్ సరైనదే" అని ఇఫ్ కండిషన్ రాసినవాళ్లకి ప్రతిదీ సరైనదే. కొన్ని లైబ్రరీల్లో ఇది ఐకాన్ విభాగంలో (ప్రైవేట్ కాని భాగం) దొరికిందా అని విడిగా ఫ్లాగ్ ఉంటుంది, జావాస్క్రిప్ట్‌లో టీఎల్‌డీటీఎస్ అనే లైబ్రరీలో ఉంది. చూడాల్సింది దాన్ని.

సెమీకోలన్_శాస్త్రి
సరిగ్గా అదే ఇఫ్ కండిషన్ ఇప్పుడు నా స్క్రీన్ మీద ఉంది. మా సహోద్యోగి పుల్ రిక్వెస్ట్ (కలపమని పంపిన కోడ్ మార్పు).

బగ్గుల_బాబు
రివ్యూలో ఈ థ్రెడ్ లింకు పెట్టేయండి 😄

జావా_జంగమయ్య
జావాలో ఉన్నవాళ్లకి. అపాచీ కామన్స్ వాలిడేటర్‌లో డొమైన్ వాలిడేటర్ ఉంది, టీఎల్‌డీల లిస్టు క్లాసులోనే రాసేసి ఉంటుంది. అంటే మీ లైబ్రరీ వెర్షన్ ఎంత పాతదో మీ ఇంటర్నెట్ అంత పాతది. కొత్త టీఎల్‌డీలు చేర్చడానికి ఓవర్‌రైడ్ మెథడ్ ఇచ్చారు, కానీ వాలిడేటర్ ఇన్‌స్టాన్స్ ఒకటి తీసుకున్నాక దాన్ని పిలిస్తే ఎక్సెప్షన్ విసురుతుంది. అప్లికేషన్ మొదలయ్యేటప్పుడే, మిగతావన్నీ లేవకముందే పిలవాలి.

లాగ్‌ఫైల్_లక్ష్మి
జావా అంటే గుర్తొచ్చింది. అయానా ఫైలు పెద్దక్షరాల్లో ఉంటుంది కాబట్టి అందరూ చిన్నక్షరాలుగా మార్చి సెట్‌లో పెడతారు. లొకేల్ (ఏ భాష పద్ధతి అన్న సెట్టింగ్) చెప్పకుండా మారిస్తే, టర్కిష్ సెట్టింగ్ ఉన్న మెషీన్ మీద పెద్ద ఐ అక్షరం చుక్కలేని చిన్న ఐగా మారుతుంది. డాట్ ఇన్‌ఫో, డాట్ బిజ్, డాట్ ఐఓ, డాట్ ఇన్, పేరులో ఐ ఉన్న ప్రతిదీ మాయం. డాట్ కామ్, డాట్ నెట్, డాట్ ఆర్గ్‌లో ఐ లేదు కాబట్టి టెస్టులన్నీ పచ్చగా ఉంటాయి. లొకేల్ రూట్ అని రాయాలి, ఎప్పుడూ.

జావా_జంగమయ్య
ఈ టర్కిష్ ఐ ఎన్ని ప్రాజెక్టులకి టెన్షన్ పెట్టిందో!

గుణింతం
తెలుగులో డాట్ భారత్ ఉంది, ఎవరూ ఎత్తలేదేం? అరబిక్, సిరిలిక్ లిపుల్లో దేశాల టీఎల్‌డీలు 2010 నుంచీ రూట్‌లో ఉన్నాయి. మన లిపిలోదీ వచ్చి చాలా ఏళ్లయింది. ఏ నుంచి జెడ్ అన్న రెజెక్స్ సంగతి వదిలేయండి, "యూనికోడ్ సపోర్టు ఉంది" అని చెప్పుకునే రెజెక్స్‌లు కూడా దీన్ని తన్నేస్తాయి.

ఎందుకో చూడండి. భారత్‌లో కోడ్‌పాయింట్లు (యూనికోడ్ విడి గుర్తులు) ఐదు. భ, దీర్ఘం, ర, త, పొల్లు. యూనికోడ్ లెక్కలో భ, ర, త మాత్రమే లెటర్ తరగతి. దీర్ఘమూ పొల్లూ మార్క్ తరగతి. రెజెక్స్‌లో "లెటర్లు ఒకటి లేదా ఎక్కువ" అని రాస్తే భ దగ్గరే ఆగిపోతుంది. పైథాన్ మామూలు ఆర్ఈ మాడ్యూల్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యు పెట్టినా అంతే, గుణింతాలని అది అక్షరాలుగా లెక్కపెట్టదు. లెటర్‌తో పాటు మార్క్ తరగతి కూడా చేర్చాలి. చైనీస్ డొమైన్‌తో టెస్టు చేసి "అన్ని భాషలూ వస్తాయి" అని మూసేసిన టికెట్లు నేను చాలా తిరగదోడాను. చైనీస్‌లో గుణింతాలు లేవు కదా.

రెజెక్స్_రాణి
గుణింతం గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఇంకా మంచిది రెజెక్స్‌తో తలపడకపోవడం. ముందు ఎక్స్ఎన్ రూపంలోకి మార్చండి, ఆ తర్వాత అయానా లిస్టుతో పోల్చండి. అక్కడ అన్నీ ఆస్కీనే, అంటే ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, హైఫన్లే.

గుణింతం
మార్చడంలోనూ మెలిక ఉంది. పైథాన్‌తో పాటు వచ్చే ఐడీఎన్ఏ (ఇతర లిపుల పేర్లని ఎక్స్ఎన్‌లోకి మార్చే పద్ధతి) కోడెక్ 2003 నాటి ప్రమాణం. ఇప్పుడు నడుస్తున్నది 2008ది, దానికి విడిగా ప్యాకేజీ వేసుకోవాలి. రెండిటికీ తేడా తెలుగువాళ్లకి బాగా తగులుతుంది, అది జీరో విడ్త్ నాన్ జాయినర్ దగ్గర.

"భారత్‌లో" అని కొట్టేటప్పుడు పొల్లు తర్వాత ఈ కనపడని అక్షరం వస్తుంది, లేకపోతే త కింద లావొత్తు పడుతుంది. ఎవరైనా అక్కణ్నుంచి "లో" వదిలేసి కాపీ చేస్తే ఆ కనపడనిది కూడా వెంట వస్తుంది. కంటికి భారత్ అనే కనిపిస్తుంది. 2003 పద్ధతి దాన్ని చప్పుడు చేయకుండా తీసేస్తుంది, పేరు సరిపోతుంది. 2008 పద్ధతి పొల్లు తర్వాత వచ్చిన ఈ అక్షరాన్ని చెల్లుబాటుగా ఒప్పుకుంటుంది, దాంతో వేరే ఎక్స్ఎన్ రూపం తయారవుతుంది, అది లిస్టులో ఉండదు. యూజర్ స్క్రీన్‌షాట్ పంపుతాడు, మీరు చూస్తారు, ఏ తప్పూ కనిపించదు. హెక్స్ డంప్ తీస్తే గానీ తేలదు.

మేం టీఎల్‌డీ ముక్క చివర ఆ అక్షరం ఉంటే కొట్టేసి ఆ తర్వాతే మారుస్తాం. మధ్య ముక్కల్లో మాత్రం ముట్టుకోం, అక్కడ అది పేరులో భాగం కావచ్చు.

నల్_పాయింటర్
ఈ పోస్టు సేవ్ చేసుకున్నా. "కనిపిస్తోంది కానీ మ్యాచ్ అవ్వట్లేదు" అన్న బగ్ మా దగ్గర ఓపెన్‌లోనే పడి ఉంది.

పంచ్_కార్డు
చూశారా, ఇంత తంటా. నా రూల్ మళ్లీ చెబుతున్నా: యాట్ గుర్తు, మెయిల్ పంపు.

ఇన్‌పుట్_ఇందిర
పంచ్_కార్డు గారూ, మెయిల్ పంపాలన్నా మీ సర్వర్ ఆ పేరుని ఎక్స్ఎన్‌లోకి మార్చాల్సిందే. చెక్ తీసేసినంత మాత్రాన తంటా పోదు, బౌన్స్‌గా తిరిగొస్తుంది.

పంచ్_కార్డు
అది మెయిల్ సర్వర్ రాసినవాడి తలనొప్పి 😀

డీఎన్ఎస్_దాసు
లిస్టు పెట్టేవాళ్లు ఇంకో వైపు కూడా చూడాలి. టీఎల్‌డీలు వస్తాయి, పోతాయి కూడా. యుగోస్లావియా డాట్ వైయూ 2010లో తీసేశారు. నెదర్లాండ్స్ యాంటిలీస్ డాట్ ఏఎన్ 2015లో పోయింది. సోవియట్ యూనియన్ డాట్ ఎస్‌యూ మాత్రం దేశం పోయి ఇన్నేళ్లయినా ఉంది. 2012 రౌండులో సొంత బ్రాండు పేరు తీసుకున్న కంపెనీలు కొన్ని వాడక వదిలేశాయి, మెక్‌డొనాల్డ్స్ పేరు మీదున్నది అలా పోయినదే.

లాగ్‌ఫైల్_లక్ష్మి
దీని దెబ్బ విచిత్రమైన చోట తగులుతుంది. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో ప్రొఫైల్ సేవ్ చేస్తే అన్ని ఫీల్డులూ మళ్లీ వాలిడేట్ అయ్యేవి. ఈమెయిల్ టీఎల్‌డీ లిస్టులోంచి పోయిన యూజర్ తన ఫోన్ నంబరు మార్చుకోబోతే "ఈమెయిల్ సరికాదు" అని వచ్చేది. అతను ఈమెయిల్ ముట్టుకోనే లేదు. మారిన ఫీల్డుని మాత్రమే చెక్ చేసేలా సరిచేశారు. డేటాబేసులో ఇప్పటికే ఉన్నదాన్ని కొత్త లిస్టుతో కొలవకండి.

సెమీకోలన్_శాస్త్రి
సరే, కోడ్‌లో పెట్టాలా, తెచ్చుకోవాలా అన్నది తేల్చండి. పోటీ ఓటింగ్ పెట్టమంటారా?

డీఎన్ఎస్_దాసు
రెండూ. ఒక కాపీ రిపోజిటరీలో ఉండాలి, నెట్ లేకపోయినా అప్లికేషన్ లేవాలి. వారానికోసారి సీఐ జాబ్ (తనంతట తాను నడిచే స్క్రిప్టు) కొత్త ఫైలు తెచ్చి, తేడా ఉంటే పుల్ రిక్వెస్ట్ తెరవాలి. మనిషి కన్ను ఒకసారి పడుతుంది. రన్‌టైమ్‌లో తేవడం నా ఓటు కాదు.

మార్చే ముందు ఫైలుని అనుమానించాలి. మొదటి లైను హ్యాష్‌తో మొదలైందా, వెయ్యికి పైగా లైన్లున్నాయా, కామ్, నెట్, ఆర్గ్ ఉన్నాయా. ఒకచోట కార్పొరేట్ ప్రాక్సీ లాగిన్ పేజీ హెచ్‌టీఎమ్‌ఎల్ ఇచ్చింది, స్టేటస్ 200 (అంతా సవ్యం). స్క్రిప్టు దాన్నే లిస్టుగా సేవ్ చేసుకుంది. ప్రపంచంలో డాట్ కామ్ లేకుండా పోయింది, ఆ సర్వర్ దృష్టిలో.

క్యాష్‌మిస్
ఇంటర్నల్ పేర్ల సంగతి? మా స్టేజింగ్ (విడుదలకి ముందు పరీక్షించే సైట్లు) అంతా డాట్ డెవ్ మీద నడిచేది. క్రోమ్ 63 వచ్చిన రోజు మొత్తం హెచ్‌టీటీపీఎస్‌కి మళ్లిపోయి ఏదీ తెరుచుకోలేదు. డాట్ డెవ్ గూగుల్‌దని, హెచ్ఎస్‌టీఎస్ ప్రీలోడ్‌లో (హెచ్‌టీటీపీఎస్‌తోనే తెరవాలని బ్రౌజర్‌లో ఉండే జాబితా) పెట్టారని అప్పుడు తెలిసింది అందరికీ.

రెజెక్స్_రాణి
ఎప్పటికీ అమ్మకానికి రానివి కొన్ని ఉన్నాయి. టెస్ట్, ఎగ్జాంపుల్, ఇన్‌వాలిడ్, లోకల్‌హోస్ట్, ఈ నాలుగూ 1999లో ఆర్ఎఫ్‌సీ 2606 పక్కన పెట్టినవి. ఆఫీసు లోపలి నెట్‌వర్క్ కోసం డాట్ ఇంటర్నల్‌ని ఐకాన్ 2024లో కేటాయించింది. డాట్ లోకల్ ఎండీఎన్ఎస్‌ది (ఒకే నెట్‌వర్క్‌లోని పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కునే పద్ధతి), దాని జోలికి వెళ్లకండి. ఇవేవీ అయానా ఫైలులో ఉండవు, కాబట్టి అడ్మిన్ టూల్స్‌లో ఇదే వాలిడేటర్ వాడితే వీటికి విడిగా దారి ఇవ్వాలి. టోర్ నెట్‌వర్క్ వాడే డాట్ ఆనియన్‌కీ అంతే.

సెమీకోలన్_శాస్త్రి
ఇప్పటిదాకా రాసింది ఇది: చివరి డాట్ ఉంటే తీసేయడం, గుణింతం గారి కనపడని అక్షరం కొట్టేయడం, ఎక్స్ఎన్‌లోకి మార్చడం, లేబుల్ 63 లోపు, డొమైన్ మొత్తం 253 లోపు, టీఎల్‌డీలో అన్నీ అంకెలు కాకూడదు. ఇవి తప్పితేనే ఎర్ర అక్షరాలు. లిస్టులో లేకపోతే లక్ష్మి గారి పసుపు లైను. మెయిల్ ఎలాగూ వెళ్తుంది. టెస్టు ఒకటి మాత్రం పడిపోతోంది. లేని టీఎల్‌డీకి పసుపు లైను రావాలని పాత టెస్టులో ఉన్న డాట్ ఫూ వాడాను, లైను రావట్లేదు.

నల్_పాయింటర్
డాట్ ఫూ ఉంది మహాప్రభో. గూగుల్‌ది.

సెమీకోలన్_శాస్త్రి
డాట్ బార్ పెడతా అయితే.

నల్_పాయింటర్
అదీ ఉంది.

రెజెక్స్_రాణి
పైన చెప్పానుగా, డాట్ ఇన్‌వాలిడ్ ఉన్నదే అందుకు. అది ఎప్పటికీ రూట్‌లోకి రాదు.

బగ్గుల_బాబు
డాట్ బాజ్ అయితే ఇంకా ఖాళీయే.

డీఎన్ఎస్_దాసు
కొత్త రౌండు దరఖాస్తులకి 2026 ఏప్రిల్ అని ఐకాన్ షెడ్యూలు వేసింది బాబూ. ఫీజు 2,27,000 డాలర్లు. శాస్త్రి గారి టెస్టు పడగొట్టాలని ఎవరికైనా అంత కసి ఉంటే చెప్పలేం.